మెట్ల మీద పట్టుకున్న చెయ్యి

దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయే రకం నేను. అవి ఉన్నాయని ఇప్పటికీ అనను. మా ఇంట్లో జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మా బావ నారాయణప్ప, అంటే నా భార్య సునంద వాళ్ళ అన్న, కర్ణాటక సరిహద్దులోని ఒక చిన్న ఊరివాడు. కిడ్నీలు పాడై, డయాలసిస్ కోసం ఆ ఊరికి దూరంగా, సిటీలో సర్జాపుర రోడ్డులోని మా ఫ్లాట్‌లో ఉంటున్నాడు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. చిన్ననాటి స్నేహితుడు చలపతి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడిన ప్రతిసారీ అతని వెంట ఊరూరా తిరిగాడు. ప్రతిసారీ ఓడిపోయి వచ్చారు. ఈసారి ప్రచారానికి వెళ్ళే ఓపిక బావకు లేకపోయింది.

ఫలితాల రోజు పొద్దున కూడా డయాలసిస్ తప్పలేదు. సెలవు పెట్టి నేనే తీసుకెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఇద్దరం బాగా అలసిపోయాం. చేతికి కట్టుతోనే బావ సోఫాలో వాలిపోయాడు. టీవీలో నలుగురు ఒకేసారి అరుస్తున్నారు. తెర కింద పరుగెత్తే అక్షరాల్లో అప్పుడప్పుడు చలపతి పేరు వచ్చేది. వెనకంజే.

"ఇంగ లేదులే అప్పా," అని బావ కళ్ళు మూసుకున్నాడు.

లేచి టీవీ ఆపే శక్తి కూడా లేక నేను ఎదురుగానే కూర్చుండిపోయాను. ఆయన సోఫా మీంచి కదల్లేదు. ఈ మాట మాత్రం ఎవరి ముందైనా చెప్పగలను.

మధ్యాహ్నం దాటాక ఉలిక్కిపడి లేచాడు. ఆయాసపడుతున్నాడు.

"గెలిచినాడప్పా! వాన పడతాండాది. మెట్ల మీద జారబోతే నేనే పట్టుకుంటి."

"కల వచ్చినట్టుందిలేన్నా," అంటూ సునంద తడిబట్టతో ఆయన మొహం తుడిచింది. టీవీలో చలపతి అప్పటికీ వెనకే ఉన్నాడు. మా ఇద్దరికీ జాలేసింది.

సాయంత్రం చివరి రౌండ్లలో లెక్క తిరగబడింది. చలపతి గెలిచాడు. టీవీలో చూపిస్తున్నారు, లెక్కింపు కేంద్రం బయట వాన. దండలతో మెట్లు దిగుతున్న చలపతి కాలు జారింది. వెనక నుంచి ఎవరిదో చెయ్యి వచ్చి పట్టుకుంది. గొడుగులు అడ్డం రావడంతో మనిషి కనబడలేదు.

సునంద నా వైపు చూసింది. నేను సోఫాలో ఉన్న బావ వైపు చూశాను.

కాసేపటికి బావ ఫోన్ మోగింది. చలపతి. స్పీకర్ నేనే నొక్కాను.

"యాడికి పోతివన్నా? ఇప్పటిదాకా నా పక్కనే ఉంటివి కదా! చేతికి ఆ కట్టేందన్నా అని అడిగితే నవ్వి ఊరకుంటివి. అందరూ నీ కోసం వెతుకుతాండారు."

బావ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నేను ఈడే ఉండా చలపతీ," అన్నాడు మెల్లగా. అవతల డప్పుల మోతలో ఆ మాట వినబడిందో లేదో, ఫోన్ కట్టయింది.

పోలికలున్న మనిషి ఎవరో అయ్యుంటాడని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. మరి ఆ కట్టు? వాన పడుతోందని, కాలు జారుతుందని ఈయన ముందే ఎలా చెప్పాడు?

గెలిచినాయన ఆ తర్వాత ఫోన్ చేయలేదు. పనుల్లో ఉంటాడులే అంటాడు బావ. ఆ రోజు సంగతి ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఏమో అప్పా. వాడు గెలిస్తే చూడల్లని ఉండె," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అంతకు మించి నాకూ తెలియదు.