దూపగొన్న పడవ

పెద్దబాపు పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను హన్మకొండలో, హాస్టల్ డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. "చాయ తాగి, పడవ కాడికి పోయొస్త అన్నడు బిడ్డా. అక్కడ్నే కూలబడ్డడు. దవాఖానకు తీసుకపోయేలోపే..." అన్నాడు మా బాపు. తర్వాత ఆయనే అన్నాడు, "పడవ పని సగంల ఉన్నది."

పెద్దబాపు మా బాపుకు అన్న. ఆయనకూ పెద్దమ్మకూ పిల్లలు లేరు. మా రెండిళ్లకూ నడుమ గోడ కూడా లేదు. పెద్దబాపు పాకాల చెరువులో చేపలు పట్టి బతికాడు. ఆ చిన్న పాత పడవే వాళ్ల బతుకుదెరువు. ఎప్పుడో గోదావరి పక్కన కొని డీసీఎం వ్యానులో ఎక్కించుకొచ్చాడట. టేకు పలకలు, నడుమ వెదురు కొయ్య, దానికో తెరచాప. తెరచాప అన్న మాట నేను బళ్లో నేర్చుకున్నాను. ఆయన దాన్ని గుడ్డ అనేవాడు. ఇప్పుడు చెరువులో అందరివీ ఫైబర్ పడవలు, థర్మాకోల్ తెప్పలు. గుడ్డ కట్టుకొని పోయేది ఆయనొక్కడే.

ఎండాకాలం చెరువు వెనక్కి పోతే పడవ ఒడ్డున బోర్లా పడి ఉండేది. వానలు పడి నీళ్లు ఎక్కే ముందర దాన్ని మళ్లీ తయారుచేసేవాడు. వేలి కణుపులతో ఒక్కో పలకనూ తట్టి, చెవి పెట్టి వినేవాడు. తాడు పైకి ఎంత బాగున్నా మెలిక విప్పి చూసేవాడు. తాడు లోపల్నుంచే కుళ్లుతుందట. సందులకు పూసే గుగ్గిలం నూనెలో కాగుతున్నంతసేపూ, నిప్పు అంటుకుంటుందని బీడీ వెలిగించక చెవి మీదే పెట్టుకునేవాడు. గుడ్డకు వేలెడంత చిరుగు కనబడ్డా పెద్దమ్మను పిలిచి కుట్టించేవాడు. "గాలి లేసినంక సూది దొరకది" అనేవాడు. ఒకసారి నేను ఎవరిదో పెండ్లి ఫ్లెక్సీ తెచ్చి, దీన్ని కట్టుకో పెద్దబాపూ, చిరగదు అన్నాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవని మొఖమో పెట్టుకొని చెరువంత తిరుగుమంటవా? చేపలు నవ్వవూ?" అన్నాడు.

మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. ఇంటర్ పాసైన ఏడాది నాకు తెలియనిది లేదనుకున్నాను. పెద్దబాపు ఎవరిదో పెండ్లికని రెండు రోజులు వేరే ఊరికి పోయాడు. ఎండకు పలకలు ముడుచుకుపోయి, సందుల్లోంచి వెలుతురు కనబడుతోంది. ఆయన ఏటా ఆ సందుల్లో పేనిన దూది దూర్చి, పైన గుగ్గిలం పూసేవాడు. నేను నర్సంపేట పోయి, పైపుల లీకులకు పెట్టే గట్టి పుట్టీ తెచ్చి ఒక్క సందు వదలకుండా కూరాను. ఎండేసరికి రాయిలా అయింది. మా బాపును బతిమాలి పడవను నీళ్లలోకి దింపించాను కూడా. లోపలికి చుక్క రాలేదు. మర్నాడు మధ్యాహ్నం నేను ఒడ్డున ఉండగానే టప్పుమని చప్పుడైంది. నీళ్లు పీల్చి కట్టె ఉబ్బింది. ఉబ్బడానికి చోటు లేక అడుగు పలక నిలువునా పగిలింది.

పెద్దబాపు వచ్చేసరికి ఆయన దోస్తు ఒకాయన ఒడ్డున నవ్వుతున్నాడు. "ఏందిరో, కాలేజి పిల్ల నీ పడవకు ఆపరేషన్ చేసినట్టున్నది!"

"నా పడవ, నా బిడ్డ. నీకేం నొప్పిరా?" అన్నాడు పెద్దబాపు.

కొత్త పలక దొరికి, పడవ మళ్లీ తేలేదాకా ఆయన వేరేవాళ్ల పడవల్లో కూలికి పోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. పలక బిగించే రోజు మాత్రం పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఆ సందు కట్టె తనకోసం ఉంచుకున్న జాగ బిడ్డా. నువ్వు దాని జాగల రాయి పెట్టినవ్. దూది అయితే మెత్తగ జరుగుతది. ఇన్నొద్దులు ఎండల పండుకున్నది, దానికి దూప గాదా? తీరాన ముంచి పెట్టి తాగనియ్యాలె. మూడొద్దులకు కట్టె ఉబ్బి సందు అదే మూసుకుంటది."

"మరి నాకెందుకు చెప్పలేదు పెద్దబాపూ?"

"నువ్వు అడుగలేదు గద."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు ఇంత కాలం గుర్తుండేది కాదేమో.

పెద్దబాపు దినాలు అయ్యాక పడవ దగ్గరికి పోయాం. ఒక పక్క సందులన్నీ పూర్తయ్యాయి, రెండో పక్క మొదలే పెట్టలేదు. కట్టెల కింద అమ్మెయ్యమని పెద్దమ్మకు చెప్పినవాళ్లే ఎక్కువ. "తేలితే ఎవరికన్న పాలుకిచ్చుకొని బతుకుత. తేలకపోతే అప్పుడు పొయ్యిల పెడ్త" అని ఆమె నా వైపు తిరిగింది. "సగం ఆయన చేసిండు. కడమ సగం నువ్వు చెయ్యి."

"నేనా? ఒకసారి పగలగొట్టినదాన్ని పెద్దమ్మా."

"అందుకే చెప్తున్న. పగలగొట్టనోళ్లకు ఏం తెలుస్తది?"

నాలుగు రోజులు పట్టింది. ఆయన పూసిన సందులు గీత గీసినట్టున్నాయి. నావి అప్పుడప్పుడే అక్షరాలు దిద్దే పిల్లల రాతలా ఉన్నాయి. బాపూ నేనూ పడవను తీరానికి జరిపి, లోపల రాళ్లు పెట్టి, మోకాలి లోతు నీళ్లలో ముంచాం. అటుగా ఫైబర్ పడవలో పోతున్న ఒకతను ఆగి చూశాడు. "అక్కా, పెద్దాయన పోయి నెల కాలె, అప్పుడే పడవను ముంచినవా?"

"తాగనియ్యి తమ్మీ" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. కానీ ఆ మూడు రోజులూ టప్పుమని ఏ చప్పుడు విన్నా ఒడ్డుకు పరుగెత్తేదాన్ని.

నాలుగో రోజు పొద్దున రాళ్లు తీసేసి బకెట్లతో నీళ్లు తోడాం. సగం తోడేసరికి పడవ అడుగు మట్టిని వదిలింది. నేను ఆయన వైపు సందుల మీద ఒకసారి, నా వైపు సందుల మీద ఒకసారి చెయ్యి పెట్టి చూశాను. నీళ్లు రావడం లేదు. పెద్దమ్మ వైపు తిరిగాను. ఆమె నా ముఖం చూసి తెలుసుకుంది.

అడుగున రెండు వేళ్ల లోతు నీళ్లు మిగిలాయి. వాటిలో, మేం చూడకుండా ఎప్పుడు చేరాయో, గోరంత చేపపిల్లలు కదులుతున్నాయి. బకెట్ ముంచబోయిన బాపును పెద్దమ్మ ఆపింది. కుచ్చిళ్లు పైకి దోపుకొని పడవలోకి దిగింది. నలభై ఏండ్లు గంప నెత్తిన పెట్టుకొని చేపలు అమ్మిన మనిషి, వంగి, దోసిలితో ఆ పిల్లలను ఎత్తి చెరువులో వదిలింది. మళ్లీ వంగింది. వంగినప్పుడల్లా పడవ ఆమెతో పాటు ఒక పక్కకు ఒరిగి, మెల్లగా లేస్తోంది.