అంగట్లో పోయిన కూత

మా ఇంట్లో మిస్డ్ కాల్ ఇస్తే గొర్రెలు ఇంటికొచ్చేవి. ఈ మాట పాలమూరులో మా బడి స్టాఫ్ రూములో చెబితే ఒక్కరూ నమ్మలేదు. పైగా లెక్కల సారు, "మేడం, మీ గొర్లకు వాట్సాప్ గ్రూపు గూడ ఉన్నదా?" అని అడిగాడు. లేదు సార్, అవి మనకంటే తెలివైనవి అన్నాను. ఆ రోజంతా ఆయన నాతో మాట్లాడలేదు.

మా ఊరు ఆత్మకూరు దగ్గర. మా బాపు గొర్రెల కాపరి. ఆయన కూత వేస్తే గుట్ట అవతల మేసే మంద కూడా తలెత్తేది. "హుర్ర్ర్... దా దా దా... హోయ్!" అని కాగితం మీద రాస్తే అందులో ఏమీ లేదు. చివరి 'హోయ్' దగ్గర గొంతు పైకి లేచి, ఒక్కచోట విరిగి, మెల్లగా కిందికి జారేది. ఆ విరుపే గొర్రెలకు గుర్తు. తెలంగాణ వచ్చాక సర్కారు పంచిన గొర్రెలు ఎక్కడో ఆంధ్ర నుంచి లారీలో దిగాయి. వాటికి బాపు కూత అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. "యాస తెల్వక ఆగమైతున్నయి పాపం, జర ఓపిక పట్టాలె" అనేవాడు బాపు, అవి వేరే దిక్కు పోతుంటే వెనక పరుగెత్తుతూ.

మా ఇండ్లలో ఏ కాపరి కూత వానిదే. దాన్ని ఊరికే ఎవరికీ నేర్పరు. 'కూత ఇచ్చినమంటే మంద ఇచ్చినట్టే' అనేది బాపు మాట. ఆయన కూత మా తాత ఇచ్చినది. మందతో పాటు అది కొడుక్కు పోవాలి. బాపుకు కొడుకుల్లేరు, నేనొక్కదాన్నే. ఆడపిల్లకు కూత ఇవ్వడం మా దగ్గర ఎప్పుడూ లేదు. చిన్నప్పుడు నేర్పమని వెంటపడితే, "నీకెందుకు బిడ్డా? నువ్వు చదువుకో" అనేవాడు. చదువుకొని పంతులమ్మనయ్యాక మళ్లీ అడిగితే, "బళ్లె అంతమంది పిల్లలున్నరు గద, వాళ్లను పిలువు" అని నవ్వేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

తర్వాత బాపు గొంతులో గడ్డ లేచింది. హైదరాబాదు దవాఖానలో ఆపరేషన్ చేస్తే ప్రాణం నిలుస్తుంది, గొంతు నిలవదు అన్నారు. అమ్మ ఏడ్చింది. బాపు ఏడవలేదు గాని, "మరి గొర్లనెట్ల పిలవాలె?" అని డాక్టరును అడిగాడు. ఆ డాక్టరు జీవితంలో అలాంటి ప్రశ్న విని ఉండడు.

ఆపరేషన్‌కు ముందు నేనే బతిమిలాడి, బాపు మీటల ఫోన్‌లో ఆయన కూతను రికార్డు చేశాను. ఆయన ఒక్క షరతు పెట్టాడు. అది ఆ ఫోన్‌లోనే ఉండాలి, ఇంకే ఫోన్‌లోకీ పోకూడదు. కూత రెండు చోట్ల ఉంటే, రెండో చోట ఉన్నవాడు ఎప్పుడైనా మందను తోలుకుపోవచ్చు. నేను ఒప్పుకున్నాను. ఆ సమయంలో ఏమడిగినా ఒప్పుకునేదాన్ని.

దవాఖాన నుంచి వచ్చాక అసలు తంటా మొదలైంది. ఫోన్‌లో రికార్డింగు ఎక్కడుందో వెతకడం బాపుకు రాదు. ఆత్మకూరులో ఫోన్లు బాగుచేసే భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, కూతనే రింగ్‌టోన్‌గా పెట్టాడు. ఇక అమ్మ ఇంటి నుంచి మిస్డ్ కాల్ ఇస్తే చాలు. బాపు ఫోన్‌ను పైకెత్తి పట్టుకుంటాడు, మంద వస్తుంది, పైసా ఖర్చు లేదు. కాని మూడోనాడు మిట్టమధ్యాహ్నం ఎవరో లోన్ కావాలా అని ఫోన్ చేశారట. మేత సగంలో వదిలి మందంతా పరుగెత్తుకొచ్చి బాపు చుట్టూ నిలబడింది. ఆ సాయంత్రం బాపు భాయ్ దుకాణం ముందు నిలబడి, నోరు లేకుండానే ఎంత తిట్టాలో అంత తిట్టాడు. భాయ్ నవ్వుతూ సెట్టింగు మార్చాడు. అప్పటి నుంచి అమ్మ నంబరుకు మాత్రమే కూత, మిగతా లోకానికి ట్రింగ్ ట్రింగ్.

భాయ్ అప్పుడే హెచ్చరించాడు. "కాకా, జమానా మంచిగలేదు. అంగట్ల ఫోన్లు కొడుతున్నరు. లాక్ పెట్టుకో. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే ఐఎంఈఐ నంబర్ వస్తది, రాసిపెట్టుకో. పోయినంక ఠాణల అదే అడుగుతరు. లోపటున్నదంతా ఇంకోతాన కాపీ పెట్టుకో."

నంబరు నేను రాసుకున్నాను. లాక్ వద్దని బాపు చేయి ఊపాడు. కాపీ మాట వినగానే ఫోన్‌ను దుకాణం బల్ల మీది నుంచి లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. ఆయన రక్షణ ఆయనకుంది. ఆ ఫోన్ వెనక మూత ఊడి బ్యాటరీ పడిపోతుంటే, గొంగడి నేసే ఉన్నిదారం తెచ్చి చుట్టూ బిగించి, గొర్రెపిల్లను కట్టే ముడి వేశాడు. ఫోన్ ఆపే మీట ఎప్పుడో అరిగిపోయింది, ఆపాలంటే ఆ ముడి విప్పి బ్యాటరీ తీయాల్సిందే. "బాపూ, ఇది ఫోనా, పొట్లమా?" అని ఎక్కిరించేదాన్ని.

ఆ ఏడు బాపుతో పాటు పొట్టేళ్లను అమ్మడానికి అంగడికి పోయాను. కొత్తకోట దాటి హైవే వెంట పోతే వస్తుంది. బాపుకు మాట లేదు కదా, బేరం ఎట్లా అని సెలవు పెట్టి మరీ బయల్దేరాను. అంత అవసరం లేదని అక్కడికి పోయాక తెలిసింది. గొర్రెల బేరం నోటితో చేయరు. కొనేవాడు, అమ్మేవాడు చేతులు కలిపి పైన తువ్వాల కప్పుకుంటారు. లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియదు. అంగడంతా అరుస్తుంటే అసలు మాట మాత్రం తువ్వాల కింద నడుస్తుంది. అక్కడ బాపు ఎవరికీ తక్కువ కాదు. ఆపరేషన్ తర్వాత ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. కొనే పెద్దమనిషి కనుబొమలు పైకీ కిందికీ పోతున్నాయి, బాపు మాత్రం మేఘాలను చూస్తున్నాడు. జనం మీద పడి తొంగిచూస్తున్నారు. బేరం కుదిరింది. తువ్వాల తీశారు. పొట్టేళ్లను ట్రాలీ ఆటో ఎక్కించడం మొదలుపెట్టారు.

బాపు చేయి పైజేబు మీదికి పోయి అక్కడే ఆగిపోయింది. జేబు ఖాళీ.

ఇంకెవరైనా అయితే 'దొంగ, దొంగ' అని అరిచేవాళ్లు. బాపు నోరు తెరిచాడు, అంతే. గాలి తప్ప ఏమీ రాలేదు. నా చేయి పట్టుకుని గుంజాడు. ఫోన్ పోతే ఇంకోటి కొనొచ్చు. ఆ గొంతు ఇంకెక్కడ దొరుకుతుంది? అది మళ్లీ ఈ భూమ్మీద రికార్డు కాదు.

నా ఫోన్ నుంచి చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఆ అరుపుల్లో ట్రింగ్ ట్రింగ్ ఎవరికి వినపడుతుంది? భాయ్ చెప్పినవన్నీ గుర్తొచ్చాయి. సిమ్ ఆపించాలి, ఠాణాలో ఫిర్యాదు ఇవ్వాలి, సర్కారు వెబ్‌సైటులో ఐఎంఈఐ పెట్టి ఫోన్ బ్లాక్ చేయించాలి. "దా బాపూ, ముందుగాల సిమ్ బంద్ చేపిద్దాం" అన్నాను. బాపు గట్టిగా తల అడ్డంగా ఊపి, తన మణికట్టు చుట్టూ వేలు తిప్పాడు. గాజులు. అంటే అమ్మ, మా ఇంటి సైగ అది.

"అమ్మకిప్పుడెందుకు బాపూ? ఊకె ఫికర్ చేస్తది."

బాపు నెత్తి కొట్టుకున్నాడు. మళ్లీ గాజులు చూపించాడు. తర్వాత చేయి చెవికి పెట్టి, ట్రాలీలోని పొట్టేళ్లను చూపించాడు. అప్పుడు వెలిగింది నా బుర్ర. సిమ్ బతికి ఉన్నంతసేపే మాకు ఆశ. ఎట్లాగూ ఆ ఫోన్‌లో బ్యాంకు లేదు, పైసలు లేవు, ఉన్నదల్లా కూతే.

అమ్మకు ఫోన్ చేశాను. "అమ్మా, బాపు ఫోన్‌కు మిస్డ్ కాల్ ఇయ్యి."

"ఏందే, పొద్దుగాల్నేనా? గొర్లు దొడ్లెనే ఉన్నయి గదనే!"

"గా గొర్లు కాదమ్మా!"

"మరి ఏ గొర్లు?"

"నువ్వు జెయ్యమ్మా తల్లీ! ఆపకుండ చేస్తనే ఉండు!"

ఫోన్ పెట్టేశాను. బాపు, నేను అంగడి నలుదిక్కులా చెవులు రిక్కించాం. అప్పుడు చాయ్ హోటల్ దిక్కు నుంచి వచ్చింది.

"హుర్ర్ర్... దా దా దా... హోయ్!"

ఆ మీటల ఫోన్లకు ఒళ్లు చిన్నదైనా నోరు పెద్దది. బాపు గొంతు అంగడి మీదుగా లేచి, విరిగి, జారింది. ట్రాలీ ఎక్కిన పొట్టేళ్లు చెవులు నిక్కబొడిచాయి. కొన్న పెద్దమనిషి "ఏయ్, ఏయ్!" అనేలోపే మొదటిది కిందికి దూకింది, దాని వెనక మిగతావన్నీ దూకాయి. ఒకదాన్ని పట్టుకున్న ఆటో డ్రైవరు తాడుతో సహా కొంతదూరం పోయాడు. గాజుల బండి పక్క నుంచి, మిర్చిబజ్జీల మంట పక్క నుంచి మా పొట్టేళ్లు నేరుగా చాయ్ హోటల్‌కు పోయి, తెల్లచొక్కా వేసుకున్న ఒక మనిషి చుట్టూ నిలబడ్డాయి. ఇంటికొచ్చినప్పుడు బాపు ముందు నిలబడినట్టే, మూతులు పైకెత్తి నిలబడ్డాయి.

అతడు ఫోన్‌ను ఆపడానికి అన్ని మీటలూ నొక్కుతున్నాడు. అది కాక ఉన్నిముడి విప్పబోయాడు. గొర్రెపిల్లను కట్టే ముడి గుంజినకొద్దీ బిగుసుకుంటుంది. కూత ఆగిందనుకునేలోపు అమ్మ మళ్లీ చేస్తోంది. మా అమ్మకు ఒక పని చెబితే అట్లానే చేస్తుంది. అతడు కదిలితే పొట్టేళ్లు కదులుతున్నాయి.

మేము ఉరికి పోయేసరికి జనం చుట్టుకున్నారు. "నా ఫోనే ఇది!" అని అతడు అరుస్తున్నాడు.

"నీ ఫోనైతే గీ గొర్లు గూడ నీయేనా?" అడిగింది చాయ్ హోటల్ ఆమె.

"ఆ... నాయే!"

"అట్లయితే ఒక్కసారి కూతెయ్యి, జూద్దాం!"

అతడు నిజంగానే ప్రయత్నించాడు. ఏదో "ఉర్ర్" అన్నాడు. ఒక పొట్టేలు చెవి కూడా ఆడించలేదు. అంగడంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. అతని సంచి గుంజి చూస్తే లోపల ఇంకా ఫోన్లున్నాయి. ఎవరో కొట్టబోతే బాపు అడ్డం నిలబడి, ఠాణా దిక్కు చేయి చూపించాడు. పోలీసులు వచ్చారు. అతణ్ణి తీసుకుపోయారు, ఫోన్లు పోయినవాళ్లు వెనకాలే పోయారు. నేనూ పోయి, ఐఎంఈఐ నంబరు చూపించి, ఇది మా ఫోనేనని రాసిచ్చి, ఉన్నిముడితో సహా తెచ్చుకున్నాను.

కొన్న పెద్దమనిషి మాత్రం దిగులుగా ఉన్నాడు. "పెద్దయ్యా, కూత గూడ ఇస్తవా మరి? లేకుంటె గివి నా ఎంబడి వస్తయా?" బాపు భుజాలు అదిరేలా నవ్వాడు. గొంతు పోయినా ఆ నవ్వు మాత్రం ఎక్కడికీ పోలేదు.

తిరుగు బస్సులో నేను ఇక ఊరుకోలేదు. "ఇప్పుడన్న కాపీ చేయనియ్యి బాపూ. మళ్ల పోతే?" అన్నాను. బాపు ఫోన్ తీసి నా ఒడిలో పెట్టాడు. నేను సంతోషంగా నా ఫోన్ తీయబోతే నా చేయి పట్టుకుని ఆపాడు. వేలు చాపి నా గొంతు మీద పెట్టాడు. దొంగ చేయి పడని జాగా అదేనన్నట్టు రెండుసార్లు తట్టాడు.

బస్సు నిండా జనం. పంతులమ్మనని మరిచిపోయి ఏడ్చాను. పక్క సీటావిడ నాకు నీళ్ల సీసా ఇచ్చింది.

ఆ తర్వాత ఆదివారాలన్నీ గుట్ట మీదే గడిచాయి. బాపు ఫోన్ వినిపించేవాడు, నేను వేసేదాన్ని. 'హోయ్' దగ్గర విరుపు రాక నా గొంతు పిల్లి గొంతయ్యేది. మంద తల కూడా ఎత్తేది కాదు. బాపు రాయి మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వేవాడు. చేతితో గాలిలో గీసి చూపించేవాడు, ఇట్లా లేవాలి, ఇక్కడ విరగాలి, ఇట్లా దిగాలి. సోమవారం బడిలో గొంతు బొంగురుపోయి ఉంటే లెక్కల సారు గ్రూపు కాల్ ఎక్కువైందా అని అడిగేవాడు.

ఒక ఆదివారం పొద్దు వాలుతుండగా ఊరికే వేశాను. విరిగింది. ఎక్కడ విరగాలో అక్కడే విరిగింది. ముసలి గొర్రె ఒకటి మెడ తిప్పి నన్ను చూసింది, తర్వాత కదిలింది, దాని వెనక మంద కదిలింది. బాపు నవ్వలేదు. గొంగడి భుజాన వేసుకుని, కర్ర నా చేతికిచ్చి, మంద వెనకాల చేరాడు. నేను ముందు నడిచాను.

మేము ఊరి పొలిమేర దాటేసరికి దుమ్ము చూసి అమ్మ నాకు ఫోన్ చేసింది.

"ఏందే, నేనింక మిస్డ్ కాల్ ఇయ్యనే ఇయ్యలే, గొర్లెట్ల వస్తున్నయే?"