మామిడి ట్రేలో వచ్చిన బొంత

2018 ఫిబ్రవరి ఒకటో తేదీన బాపులపాడు నుంచి బదిలీ మీద వచ్చి, నూజివీడులో ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పే శిక్షణ కేంద్రంలో సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. నా పైన సూపరింటెండెంట్ గారు, నా కింద ఒక అసిస్టెంటు. కోర్సు అయిదు నెలలు. జాకెట్టు, లంగా, స్కూలు యూనిఫారం కుట్టడం వచ్చాక, చివర్లో ప్రతి ఒక్కరూ తమకు నచ్చిన వస్తువు ఒకటి సొంతంగా తయారుచేయాలి. దాన్ని ప్రాజెక్టు అనేవాళ్ళం. బయటి ఊరి నుంచి ఎగ్జామినర్ వచ్చి దానికి మార్కులు వేస్తారు. మా చేతిలో ఏమీ ఉండదు.

ఈ ప్రాజెక్టుకు నూరు మార్కులు. డ్రాఫ్టుకు, అంటే బట్ట కత్తిరించక ముందు కొలతలతో కాగితం మీద గీసే పటానికి, ఇరవై. కటింగుకు ఇరవై, కుట్టుకు నలభై, ఫినిషింగుకు ఇరవై. అరవై వస్తేనే సర్టిఫికెట్టు. ఈ అంకెలు ముందే చెప్పడానికి కారణం ఉంది. ఆ ఏడాది జరిగిందంతా వీటి చుట్టూనే తిరిగింది.

ఆ బ్యాచ్‌లో సువార్త అనే అమ్మాయి ఉండేది. అమ్మాయి అంటున్నాను గానీ అప్పటికే ఇద్దరు పిల్లల తల్లి. ఆగిరిపల్లి నుంచి టీవీఎస్ బండి మీద వచ్చేది. మామిడి సీజనులో పొద్దున్నే తోటల దగ్గర షెడ్డులో కాయలు ఏరి ట్రేలలో పేర్చి, అక్కడి నుంచి నేరుగా క్లాసుకు వచ్చేది. సీజను అయిపోతే ఆమెకు పని లేదు. విస్సన్నపేటలో ఒక హాస్టల్లో పిల్లల బట్టలు కుట్టే సహాయకురాలి పోస్టు ఖాళీ అయింది. జూన్ నెలాఖరుకు సర్టిఫికెట్టు చూపించగలిగితే ఆమెనే తీసుకుంటామని వార్డెన్ గారు మాటిచ్చారు. ఏడాది పొడుగునా పని దొరకడం ఆమె ఇంట్లో అంతవరకూ ఎవరికీ జరగలేదు. తప్పితే మళ్ళీ పరీక్ష డిసెంబరులోనే.

ప్రాజెక్టుకు ఏం కుడతావని అడిగితే బొంత కుడతానంది. క్లాసంతా నవ్వింది. మా ప్రాంతంలో పసిబిడ్డను పడుకోబెట్టడానికి పాత చీరలు మడిచి, పైన పీలికలు అతికి, ఇంట్లో పెద్దవాళ్ళు కుట్టేదే బొంత. దాన్ని పరీక్షకు పెట్టినవాళ్ళు అంతవరకూ లేరు. నాకు అభ్యంతరం లేదు. మూడు పొరలు కలిపి, ముడత పడకుండా కుట్టడం తేలిక పని కాదు. అయితే డ్రాఫ్టు గీసి తీసుకురమ్మన్నాను.

మర్నాడు డ్రాఫ్టు రాలేదు. మా కటింగు బల్ల కింద పీలికల బుట్ట ఉండేది. యూనిఫారాల నీలం ముక్కలు, జాకెట్ల చంకల దగ్గర తెగిన ముక్కలు, లైనింగు గుడ్డలు అన్నీ అందులో పడేసేవాళ్ళం. సువార్త ఆ బుట్టను నేల మీద బోర్లించి చుట్టూ తిరుగుతోంది. ఒక వంకర ముక్క తీసి మధ్యలో పెట్టింది. దాని పక్కన ఇంకోటి. రెండూ కలిపి కుట్టి, మిగిలిన అంచును కత్తెరతో తిన్నగా కోసి, ఆ తిన్నని అంచుకు మూడోది. ముక్క చాలకపోతే ఇంకో పీలిక అతికి పొడుగు చేసేది. ఏది ఎక్కడ వస్తుందని అడిగితే, వచ్చాక చెప్తానంది.

ఆ రకంగా కుడితే డ్రాఫ్టు మార్కులు ఇరవై పోతాయని చెప్పాను. పోనీ ముందు నాలుగు గీతలు గీసి ఇవ్వమన్నాను.

"గీస్తే ఆ గీతల ప్రకారం కుట్టాలి కదండీ మేడమ్ గారూ. అప్పుడు కొత్త బట్ట కొనాలి. కొత్త బట్ట కోసి ముక్కలు చేసి మళ్ళీ అతికితే మా అత్త నన్ను ఇంట్లోకి రానివ్వదు," అంది.

ఈ చివరి మాట రమాదేవికి తగలాలనే అన్నది. రమాదేవి ఊళ్ళో మామిడికాయల కమీషను వ్యాపారం చేసేవారి కోడలు. ఆమె కూడా అతుకుల దుప్పటే పెట్టుకుంది గానీ గ్రాఫు కాగితం మీద గడులు గీసి, రంగులు వేసి, దానికి సరిపడా కొత్త బట్ట కొని తెచ్చింది. గడి గడికీ అంచు కలిసేది. ఆమె కూడా ఊరుకునే మనిషి కాదు. "మా దుప్పట్లో ఏ ముక్క ఎవరి జాకెట్టుదో చెప్పుకోవక్కర్లేదులే సువార్తక్కా," అనేది. ఇద్దరూ పక్కపక్క మిషన్ల మీదే కూర్చునేవాళ్ళు. మధ్యాహ్నం ఒకరి డబ్బాలో ఒకరు తినేవాళ్ళు.

జూన్ పద్నాలుగు, గురువారం పరీక్ష. సువార్త బొంత ఆదివారానికే అయిపోయింది. మంగళవారం ఇస్త్రీ చేయడానికి తెచ్చింది. ఎలా తెచ్చిందంటే, మామిడి ట్రేలో పెట్టి, బండి వెనక ట్యూబుతో కట్టి తెచ్చింది. మా వైపు ఇందులో వింతేమీ లేదు. సీజనులో ప్లాస్టిక్ ట్రేలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. కోడిపిల్లల్ని మూయడానికీ, కూరగాయలు తేవడానికీ, చంటిపిల్లల బట్టలు పెట్టడానికీ అవే. ఊరి పొలిమేరలో ఆ ఏటి తొలివాన పట్టుకుంది. బొంత తడిసింది. వరండాలో గ్రిల్లు మీద ఆరేసింది. చూడటానికి శుభ్రంగానే ఉంది.

ఇస్త్రీ పెట్టె పెట్టగానే గోధుమరంగు గీతలు తేలాయి. మామిడికాయ ముచ్చిక దగ్గర కారే సొన సంగతి తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. అది ఆరితే కంటికి కనబడదు, వేడి తగిలాక నల్లబడుతుంది, ఆ తర్వాత ఏ సబ్బుకూ పోదు. ట్రే అడుగున ఎండిన సొన వాననీటికి కరిగి బొంతలోకి దిగింది. ట్రే అడుగు జల్లెడలా ఉంటుంది కనుక మరక కూడా అలాగే పడింది, అడ్డం నిలువు గీతలతో, సమానమైన దూరంలో. బొంతను మడిచి పెట్టింది కాబట్టి రెండు చోట్ల. వెనక వైపు చీర ముదురు రంగుది కనుక అటు తేలలేదు.

సువార్త ఇస్త్రీ పెట్టె స్విచ్చి ఆపి, బొంతను ఎత్తి నాకు చూపించింది.

"మీరు అడిగిన గీతలు వచ్చేశాయండీ మేడమ్ గారూ," అంది.

ముందు నవ్వింది రమాదేవి. తర్వాత అందరం నవ్వాం. నవ్వడం అయ్యాక నేను లెక్క చెప్పాను. డ్రాఫ్టు ఇరవై ముందే పోయాయి. మరక ఉంటే ఫినిషింగు ఇరవై కూడా పోతాయి. మిగిలినవి అరవై, కావలసినవీ అరవై. అంటే కటింగులోనూ కుట్టులోనూ ఒక్క మార్కు కూడా తగ్గకూడదు. నా సర్వీసులో ఏ ఎగ్జామినరూ ఎవరికీ అలా వేయలేదు. మరక కనబడకూడదు, అంతే.

మరకపడిన మేర కత్తిరించి తీసేస్తానంది సువార్త. వద్దన్నాను. మూడు పొరలూ కలిపి కుట్టిన బొంతను మధ్యలో కోస్తే చుట్టూ ఉన్న కుట్లన్నీ వదులవుతాయి. పైన వేరే ముక్క కప్పి, మూడు పొరల్లోంచీ మళ్ళీ కుట్టమన్నాను. ఆమె బుట్టలోంచి పెద్ద నీలం ముక్క తీసి మరక మీద పరిచింది. చిరిగిన చొక్కాకు మాసిక వేసినట్టుంది. కాసేపు చూసి, ఆ ముక్కను పొడుగ్గా పీలికలు చేసేసింది. కొన్ని మరక మీద ఏటవాలుగా వేసింది. కొన్ని మరకే లేని చోట, బొంత ఆ మూల నుంచి ఈ మూలకు అక్కడొకటి ఇక్కడొకటి వేసింది. ఎక్కడ మరక ఉందో నాకే తెలియలేదు. నీలం మరీ ముదురుగా ఉందని మధ్యమధ్య ఏదైనా లేత రంగు కావాలంది. రమాదేవి తన దుప్పటికి కొన్న పసుపుపచ్చ బట్టలో మిగిలినది తెచ్చి బల్ల మీద పెట్టింది.

"కొత్త బట్టే మరి. మీ అత్తకి చెప్పకు," అంది.

నేను రెండు విషయాల్లో పట్టుబట్టాను. ఒకటి, యూనిఫారం నీలం ఉతికినప్పుడు రంగు వదులుతుంది. కాబట్టి పీలికలన్నీ ఉప్పునీళ్ళలో నానబెట్టి ఆరేసి గానీ కుట్టకూడదు. రెండు, కుట్టు మధ్యలో మొదలుపెట్టి అంచులకు రావాలి. అంచు నుంచి లోపలికి వస్తే లోపలి పొర మధ్యకు జరిగి ఉబ్బుతుంది. ఈ రెండోదానికి సువార్త విసుక్కుంది గానీ చేసింది. బుధవారం సాయంత్రం అయిదు గంటలకు చివరి కుట్టు ముడి వేసింది.

గురువారం ఎగ్జామినర్ గారు గుంటూరు నుంచి వచ్చారు. నాకంటే చిన్నావిడ. తక్కువ మాట్లాడే మనిషి. రమాదేవి దుప్పటికి స్కేలు పెట్టి గడులు కొలిచి, మంచి మార్కులు వేశారు. సువార్త బొంతను ముందు చూడనే లేదు, వెనక్కి తిప్పారు. కుట్టు తెలిసినవాళ్ళు అలాగే చూస్తారు. రెండు చోట్ల కుట్టు వరసలు ఒత్తుగా ఎందుకున్నాయని అడిగారు. మామిడి ట్రే సంగతి సువార్త ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ తిప్పి ముందు వైపు వెతికారు, వేలితో తడిమారు, మరక కనబడలేదు. తర్వాత డ్రాఫ్టు అడిగారు.

"లేదండి," అంది సువార్త.

"గీయడం రాదా?"

"జాకెట్టుకి గీశానండి, యూనిఫారానికి గీశాను. దీనికి ఏ ముక్క దొరుకుతుందో నాకే తెలియదండి. తెలియనిది గీస్తే అబద్ధం అవుతుంది కదండీ."

ఎగ్జామినర్ గారు నా వైపు చూశారు. నేను మాట్లాడకూడదు, అది నియమం. ఆవిడ పీలికల బుట్ట తెప్పించి, చేతికందిన గుప్పెడు ముక్కలు సువార్త ముందు పోశారు. వీటితో, ఇంకేమీ తీసుకోకుండా, వేడి గిన్నె దించుకునే మసిగుడ్డ ఒకటి ఇప్పుడే కుట్టమన్నారు. బొంత నిజంగా ఈమె కుట్టిందా, లేక అనుకోకుండా కుదిరిందా అని తేల్చుకోవాలనుకున్నారు.

సువార్త ముక్కలన్నిటినీ అరచేత్తో ఒకసారి నేల మీద పరిచింది. అన్నిటికంటే వంకరగా ఉన్నదాన్ని ముందు తీసింది. ఎందుకని ఆవిడ అడిగితే, తిన్నగా ఉన్నవి చివర్లో ఎలాగైనా ఇముడుతాయి, వంకరవి ఆఖరుకు మిగిలితే ఎక్కడా ఇమడవు అంది. ఒక్కో ముక్కా చుట్టూ తిరిగి వచ్చింది. మధ్యలో ఒక చోట చాలక, రెండు చిన్న ముక్కలు కలిపి ఒకటి చేసింది. అంచులు కత్తిరించి తిప్పి కుట్టి ఇచ్చేసరికి మసిగుడ్డ నాలుగు మూలలూ సరిగ్గా కలిశాయి. ఎగ్జామినర్ గారు దాన్ని రెండు చేతులతో లాగి చూశారు. సువార్త దగ్గర మిగిలిన ముక్క ఒక్కటే, బొటనవేలంత.

మార్కులు ఇలా వచ్చాయి. డ్రాఫ్టుకు సున్నా. కటింగుకు పదిహేడు, కుట్టుకు ముప్ఫై రెండు, ఫినిషింగుకు పదమూడు. మొత్తం అరవై రెండు. డ్రాఫ్టు గడిలో సున్నా వేసేటప్పుడు ఆవిడ చేయి కాసేపు ఆగింది గానీ, వేసింది సున్నాయే. అలా వేయడమే న్యాయమని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. ఇవ్వని దానికి మార్కులు ఉండవు.

సువార్త జూలైలో విస్సన్నపేట హాస్టల్లో చేరింది. ఆ మసిగుడ్డను ఎగ్జామినర్ గారు అడిగి తీసుకెళ్ళారు.

పీలికలతో చేసే పనికి డ్రాఫ్టు ముందు కాకుండా పని పూర్తయ్యాక గీయించాలని, ఆ మార్కులు దానికి ఇవ్వాలని సూపరింటెండెంట్ గారి ద్వారా పైకి రాశాను. నేను రిటైరయ్యేదాకా జవాబు రాలేదు. అందుకని తర్వాతి బ్యాచుల్లో బొంత కుడతామన్నవాళ్ళకు మొదటి రోజే చెప్పేదాన్ని. ఇరవై పోయాయని రాసుకోండి, ఎనభైలో అరవై తెచ్చుకోగలరేమో చూసుకోండి అని. కొందరు మానుకున్నారు, కొందరు కుట్టారు.

ముప్ఫై ఏళ్ళ పైన కటింగు నేర్పినదాన్ని. కొలత లేకుండా కత్తెర పట్టకూడదని నేర్పాను, అందులో మార్పు లేదు. అయితే ఆ కొలత కొత్త బట్టకు. పీలికకు దాని కొలత అది తెగిన రోజే ఖాయమైపోయింది. దాన్ని ఉన్నది ఉన్నట్టు చూసి, అది పట్టే చోటు వెతకాలి. ఈ రెండూ వేరువేరు పనులని, ఒకదాని నియమంతో రెండోదాన్ని కొలవకూడదని నాకు ఆ బ్యాచ్‌తో తెలిసింది.