సీటు కవరు మీద ఎర్ర మరక

నేను నర్సీపట్నంలో కారు అద్దెకు తిప్పుతాను. పదితో చదువు ఆగినా, మా ఊరి లైబ్రరీలో సైన్సు పుస్తకం ఒక్కటీ వదల్లేదు.

పోయిన ఏడాది మా అక్కను పురిటికి తీసుకురావడానికి మాకవరపాలెంలో తన అత్తవారింటికి వెళ్లాల్సి వచ్చింది. అంతకుముందు ఒకసారి కడుపు పోయింది కాబట్టి, వాళ్ల అత్తగారు అతికష్టం మీద ఒప్పుకున్నారు. ముందురోజు ఏజెన్సీ కొండల నుంచి తెచ్చిన తడి పసుపు బస్తా వల్ల వెనక సీటు నియోప్రీన్ కవరుకు మరకైంది. పొద్దున్నే బట్టల సోడా కలిపిన నీళ్లతో రుద్దితే మరక పోకపోగా ఎర్రబడింది. స్పాంజి లాంటి కవరు కదా, లోపలిదాకా పీల్చేసుకుంది. మంచి వేళ దాటిపోతుందని అలాగే వెళ్లాను.

అత్తగారు డోరు తీసి ఆగిపోయారు.

"ఇదేటి బాబూ, నెత్తురా?"

"పసుపేనండీ. సోడా తగిలి ఎర్రబడింది. నిమ్మరసం వేస్తే మళ్లీ పచ్చబడుద్ది, సూడండి."

అక్క తెచ్చిన నిమ్మకాయ పిండాను. పుస్తకంలో ఉన్నట్టే మరక పచ్చబడింది. గర్వంగా తలెత్తాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. "పసుపు, ఎర్రనీళ్లు, నిమ్మకాయ! ఎవరికి దిష్టి తీసిన బండిది? కడుపుతో ఉన్న పిల్లని ఇందులో కూకోబెడతావా?"

"అది సైన్సండీ..."

"నీ సదువు నీకాడే ఉంచుకో. బేగి ఇక్కణ్ణుంచి బండి తియ్యి!"

అక్క వైపు చూశాను. కడుపు మీద చెయ్యి వేసుకుని, "నాకూ భయంగా ఉందిరా తమ్ముడూ" అని లోపలికి వెళ్లిపోయింది.

అత్తగారితో ఎంతసేపైనా వాదించేవాణ్ణి. అక్క భయానికి మాత్రం నేను చదివిన ఏ పుస్తకంలోనూ జవాబు దొరకలేదు. తను పురిటికి మా ఇంటికి రానేలేదు.