తిత్తా, పుండా?

మానుకోట దవాఖానలో ప్రతి జబ్బుకూ ఒక నంబరుండేది. చీటీల మీద ఆ నంబర్లు వేసే అక్క దగ్గర నేను పని నేర్చుకున్నాను. తెలంగాణ కోసం బంద్‌లు జోరుగా నడుస్తున్న రోజులవి. ఏ చీటీ మీద అనుమానం వచ్చినా ఆమె కలానికి మూత పెట్టి, కనుక్కోవడానికి లేచేది.

ఒకరోజు డాక్టరు ‘నోట్లో తిత్తి, మూడు నెలలుగా’ అని రాసిన చీటీ వచ్చింది. తిత్తంటే నీటిబుడ్డలాంటి మామూలు వాపు. అక్క లేచి, బయట బెంచీ మీదున్న తండా అవ్వ చేత వెలుతురులో నోరు తెరిపించింది. లోపల తెల్లటి అంచుతో పుండు కనిపించింది. అక్క నేరుగా డాక్టరు దగ్గరికి నడిచింది.

“సారూ, తిత్తికొక నంబరు, మానని పుండుకొక నంబరు. ఏది రాయాలె?”

“ఏదో ఒకటి రాయమ్మా. బంద్ ఉంది, నేను పోవాలె.”

“జర ఒక్కసారి జూసి పోండ్రి.”

చూశాక ఆయన ముఖం మారింది. అవ్వను వెంటనే వరంగల్‌కు పంపమన్నాడు. బస్సులు లేవు. రోడ్డు మీద కూర్చున్నవాళ్లను బతిమాలి అక్క ఒక జీపుకు దారి ఇప్పించింది.

అది క్యాన్సరని తేలింది. ఆపరేషన్‌తో అవ్వ బతికింది. అందరూ మెచ్చుకుంటుంటే అక్క పాత రిజిస్టర్లు దించి, ఒక పేరు దగ్గర ఆగింది.

“గీమెది నర్సింహులపేట. పుండు మానుతలేదని నాతోనే జెప్పింది. నేనప్పుడు కొత్త. డాక్టరు తిత్తి అన్నడు, గదే నంబరేసిన.”

మరునాడు సెలవు పెట్టి వెతకబోయింది. సాయంత్రం తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది.

“ఇల్లు దొరికింది. ఆమె పోయి ఏడాదైందట. ఆమె బిడ్డ నాకు చాయ్ బోసింది. నేనెవరో చెప్పలేకపోయిన.”