నడుముకు వేసిన సూది

మా పొద్దుటూరులో ఏ ఆడదానికి నడుము నొచ్చినా జవాబు ఒకటే. "కాన్పప్పుడు నడుముకు సూది వేసినారు కదా, దానికే." మా అత్త అంటాది, పక్కింటామె అంటాది, నా మొగుడూ అంటాడు, ఆ సూది ఆయనకే వేసినట్టు. ఆ మాట అనేసినాక ఇంక ఎవరూ ఏమీ చేయాల్సిన పన్లేదు. అది వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతాది.

నేను బట్టలంగట్లో చీరలు చూపించే పని చేస్తాంటి. పరుపు మీద గొంతుక్కూర్చోవాల, లేయాల, పై అరలో చీర తీయాల, మళ్లా కూర్చోవాల. వచ్చినోళ్లు అంగడంతా విప్పించి "రేపొస్తాంలే" అని లేసిపోతారు. నడుము పట్టేసినా పళ్లు బిగబట్టి మడతలు పెట్టేదాన్ని. సావుకారి అది కనిపెట్టినాడు. "నీతో కాకుంటే చెప్పుమ్మా, ఇంకొకరిని పెట్టుకుంటా" అన్నాడు. ఏ చీర ఎవరికి నచ్చుతాదో ముఖం చూసి చెప్పేదాన్ని నేను. నాకు వేరే పని రాదు, వద్దు కూడా.

డాక్టరు ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నాడు. బెల్టు ఇచ్చినాడు. ఎండాకాలం చెమటకు దాని కింద దద్దుర్లు లేసినాయి గానీ నొప్పి యాడికీ పోలే. కూర్చుంటే లేయలేక, ఆఖరికి సెలవు పెట్టి పులివెందులలో ఫిజియోథెరపీ చేసే ఒకామె దగ్గరికి పోయినా.

ఆమె నా నడుము ముట్టుకోనేలేదు. చెప్పులిడిచి గొంతుక్కూర్చోమనింది. "ఎడమ మడమ చూడక్కా, నేలకు ఆనడంలే. ఈ కాలికి ఏమైంది?"

నడుముకని వస్తే కాలు అడుగుతాదేంది అనుకున్నా. అయినా చెప్పినా. బిడ్డ పుట్టినాక జమ్మలమడుగులో మా అమ్మోళ్లింట్లో ఉన్నప్పుడు మిద్దె మెట్లు దిగుతా కాలు మడతపడింది. గుడ్డుసొన పూసి, బద్దలు పెట్టి కట్టు కట్టించినారు. కట్టినాయన మూడు వారాలకు విప్పమన్నాడు. చూడను వచ్చిన మా అత్త విప్పనీలే. "గండి స్వామికి మొక్కుకున్నా. శ్రావణ శనివారం స్వామి దగ్గరే విప్పాల" అనింది. శ్రావణం ఇంకా యాడుందో. అన్ని దినాలూ నా కాలు కట్టెమాదిరి పడుండె. స్వామేమన్నా ఆ కట్టు అడిగినాడా? విప్పినాక నాలుగడుగులు వేస్తే అందరూ దండం పెట్టుకున్నారు. పాదం వంగతాందా లేదా అని ఒక్కరూ చూడలే.

ఆమె నన్ను ఎడమకాలి మీద ఒంటిగా నిలబెట్టి అద్దంలో చూపించింది. నా తుంటి ఒక పక్కకు జారిపోయింది. "చీలమండ వంగకపోతే మోకాలు లోపలికి పడతాదక్కా. తుంటికి నిలకడ తప్పుతాది. ఆ బరువంతా నీ నడుము మోస్తాంది" అనింది.

నాకు ఏడుపు రాలే, కోపమొచ్చింది. ఇన్నేళ్లూ నొప్పి కాల్లో పెట్టుకోని సూదిని తిట్టుకుంటి.

ఆమె చెప్పినట్టు రోజూ పాదం గోడ దగ్గర పెట్టి, మడమ ఎత్తకుండా మోకాలు గోడకు ఆనించేదాన్ని. "గోడతో ఏం కుస్తీ పడతాండావు?" అనింది మా అత్త. "నీ మొక్కు తీరుస్తాండా అత్తా" అన్నా.

నెలలు పట్టింది. మడమ ఆనింది, నడుమూ తేలికపడింది. అంగడికి పోయినా. నా పరుపు మీద ఇంకో పిల్ల కూర్చోనుండాది. "నువ్వు రాలేకపోతివి, పెట్టుకుంటి" అన్నాడు సావుకారి, నా ముఖం చూడకుండా.

ఆ పిల్ల పై అరలోంచి చీర తీసి, కూర్చుంటా నడుము మీద చెయ్యి వేసుకునింది.

"నొస్తాందా?" అన్నా.

"శానా నొస్తాది. కాన్పప్పుడు సూది వేసినారు కదక్కా, దానికే."

పరుపెక్కి ఆ పిల్ల ఎదురుగా గొంతుక్కూర్చున్నా, రెండు మడమలూ ఆనించి.

"చీర పక్కన పెట్టు. ముందు నీ కాళ్లు చూపీ."