సమ్మయ్య సిమ్ము డాంగిల్‌లో ఉన్న గంట

2018 వానాకాలం. నాది భూపాలపల్లిలో కంప్యూటర్ రిపేరు షాపు. మహదేవపూర్‌లో జిరాక్స్ షాపు నడిపే సమ్మయ్య కంప్యూటర్‌ను, వైరస్‌ల బాధ పడలేక, నేనే ఉబుంటులోకి మార్చాను. అది ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్. పాడైతే తిట్టడానికి కంపెనీ ఉండదు, కాబట్టి నన్ను తిడతారు.

ఆ రోజు సమ్మయ్య బాపు, అంటే వాళ్ల నాన్న, వరంగల్ దవాఖానలో ఉన్నాడు. ఆపరేషన్‌కు ముందు రేషన్ కార్డు, పాత రిపోర్టులు మెయిల్ చేయమన్నారట. అందుకే సమ్మయ్య డాంగిల్ కొని, పెట్టివ్వమని నన్ను తన షాపుకు పిలిపించాడు. పెన్‌డ్రైవ్‌లా గుచ్చితే, లోపలి సిమ్ముతో నెట్ ఇచ్చే మోడెం అది. దానికిచ్చిన కొత్త సిమ్ము ఇంకా యాక్టివేట్ కాలేదు. నా ఫోన్‌కు ఆ ఊళ్లో సిగ్నల్ లేదు.

"నీ సిమ్ము ఇయ్యి. పది నిమిషాల పని," అన్నాను.

"తమ్ముడు ఫోన్ చేస్తడు సార్. లోపటికి తీస్కపోయే ముందు బాపు నాతోని మాట్లాడుతనన్నడు."

"మెయిల్ పోంగనే మళ్ల ఏసిస్త."

ఇచ్చాడు. గుచ్చాను. ఉబుంటు దాన్ని సీడీ అనుకుంది. చాలా డాంగిళ్లు ముందు తమలోని విండోస్ సాఫ్ట్‌వేర్‌ను సీడీలా చూపిస్తాయి. మోడెంగా మార్చడానికి మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రాం కావాలి. అది ఇంటర్నెట్‌లో దొరుకుతుంది.

"ఏంది సార్, నెట్ రావాల్నంటే నెట్ ఉండాల్నా?"

"గట్లనే ఉంది."

సిమ్ము తీసి ఇవ్వాల్సింది అప్పుడే. నేను కమాండ్లు కొడుతూ కూర్చున్నాను.

"జర సిమ్ము ఇయ్యరాదు సార్, ఒక్కసారి చేసి చూస్త."

"ఆగు, అయిపోవచ్చింది."

అయిపోవచ్చిందో లేదో నాకే తెలియదు. గంట దాటాక ఇజెక్ట్ కమాండ్ గుర్తొచ్చింది. లేని సీడీని బయటకు తోసేయమన్నాను. డాంగిల్ మోడెంగా మారింది, నీలం లైటు వెలిగింది, కాగితాలు వెళ్లాయి. నేను నవ్వాను కూడా.

సిమ్ము మళ్లీ సమ్మయ్య ఫోన్‌లో వేసిన నిమిషానికే అది మోగింది. చిన్న షాపు కదా, తమ్ముడి గొంతు నాకూ వినిపించింది.

"ఏడున్నవే అన్నా? గంటసేపాయె చేయబట్టి. బాపు నిన్నే అడిగి అడిగి... పాణం పోయిందే."

సమ్మయ్య షట్టర్ దించి బస్సుకు పోయాడు.

ఇప్పుడు నా సంచిలో మూడు కంపెనీల సిమ్ములుంటాయి, మోడ్‌స్విచ్ ఉన్న పెన్‌డ్రైవ్ ఉంటుంది. ఎవరి ఫోన్ మూతా తీయను. రాని పనిని 'అయిపోవచ్చింది' అనను.

నెల తర్వాత వెళ్లి పలకరించాను. "మీరు పెట్టిపోయినకాడ్నుంచి నెట్ ఒక్కసారి గూడ ఆగలే సార్," అన్నాడు సమ్మయ్య, మెచ్చుకోలుగానే. నేను కీబోర్డు మీది దుమ్ము తుడిచాను.